నొప్పి లేదు సరే, ఒత్తిడి మాటేమిటి?

సిజేరియన్‌కు నడుములో ఇచ్చే మత్తు నొప్పిని ఆపుతుంది. స్పృహను ఆపదు, పొట్ట మీద పడే ఒత్తిడినీ పూర్తిగా మరిపించదు. లక్షలాది మంది తల్లులు మెలకువతోనే దాటుతున్న ఆ గంట గురించి ముందుగా వారికి చెప్పేవారే కరవు

ఆపరేషన్ థియేటర్‌లో ఏసీ చలికి ఒళ్లు వణుకుతుంటుంది. నడుములో సూది దిగి పది నిమిషాలైంది. కాళ్లు తనవి కానట్టున్నాయి. ఛాతీ దగ్గర అడ్డంగా కట్టిన ఆకుపచ్చ గుడ్డకు అవతల ఏం జరుగుతోందో కనిపించదు. కానీ పరికరాల చప్పుడు, డాక్టర్ల మాటలు అన్నీ వినిపిస్తుంటాయి. అంతలో ఎవరో పొట్ట పైభాగాన్ని బలంగా కిందికి నెడతారు. గుండెల మీద మనిషి కూర్చున్నట్టు, ఊపిరి అందనట్టు అనిపిస్తుంది. మత్తు సరిగా ఎక్కలేదేమోనన్న భయం. చెప్పాలో వద్దో తెలియదు. కొద్ది సెకన్లు అలా గడిచాక బిడ్డ ఏడుపు వినిపిస్తుంది. ఆ ఏడుపుతో అంతకు ముందు పడ్డ భయమంతా పక్కకు పోతుంది. ఎవరూ దాని గురించి మళ్లీ మాట్లాడరు.

పేర్లు, ఊళ్లు మారతాయి గానీ స్పైనల్ అనస్థీషియాతో సిజేరియన్ చేయించుకున్న మహిళలను కదిపితే ఇంచుమించు ఇదే కథ వినిపిస్తుంది. తెలుగునాట ఈ కథకు కొరత లేదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం దేశంలో కాన్పుల్లో 21.5 శాతం సిజేరియన్లు. తెలంగాణలో అది 60.7 శాతం. రాష్ట్రాలన్నిటిలోకీ అదే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగిన కాన్పులను మాత్రమే చూస్తే 81.5 శాతం ఆపరేషన్లే.

అన్ని ఆపరేషన్లు అవసరమా అన్నది ఇప్పటికే చాలాసార్లు జరిగిన చర్చ. జరగాల్సిన చర్చ మరొకటుంది. ఆపరేషన్ బల్ల ఎక్కుతున్న మహిళకు తన ఒంట్లో ఏం జరగబోతోందో తెలుసా? ఏది మామూలు, ఏది కాదు అన్నది తెలుసా? తెలియకపోతే జరిగే నష్టం రెండు రకాలు. మామూలుగా ఉండే ఒత్తిడికి ఆమె బెంబేలెత్తిపోతుంది. నిజంగా నొప్పి వస్తే, ఇదీ మామూలేనేమో అనుకుని పళ్ల బిగువున భరిస్తుంది. మొదటిది భయంతో పోతుంది. రెండోది ఏళ్ల తరబడి వెంటాడవచ్చు.

సూది మొన చేసే పని

వెన్నుకు ఇచ్చే మత్తుకు 125 ఏళ్లు దాటాయి. జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ అనే సర్జన్ 1898 ఆగస్టులో తొలిసారి ఒక రోగి వెన్నులోకి కొకైన్ ద్రావణం ఎక్కించి ఆపరేషన్ చేశాడు. కొద్ది రోజులకే తన సహాయకుడు హిల్డెబ్రాంట్‌తో కలిసి ఆ మత్తును తమ ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. సూదితో గుచ్చి, వెంట్రుకలు లాగి, చుట్ట నిప్పు తగిలించి, కాలి ఎముక మీద సుత్తితో కొట్టి చూశారు. హిల్డెబ్రాంట్‌కు నొప్పి తెలియలేదు. కానీ మత్తిచ్చిన కొద్ది నిమిషాలకు తొడలో సూది గుచ్చితే ఒత్తిడిలా అనిపించిందని బియర్ రాసిపెట్టుకున్నాడు. నొప్పి వేరు, ఒత్తిడి వేరు అన్న సంగతి ఈ విద్య పుట్టిన నెలలోనే నమోదైందన్నమాట. రెండేళ్లు తిరక్కుండానే స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆస్కార్ క్రైస్ అనే వైద్యుడు దీన్ని పురిటి నొప్పులు తగ్గించడానికి వాడాడు.

ఇప్పుడు కొకైన్ లేదు. గ్లూకోజ్ కలిపి బరువెక్కించిన బ్యూపివకైన్‌ను రెండు, రెండున్నర మిల్లీలీటర్ల మేర వాడుతున్నారు. నడుము దగ్గర వెన్నుపూసల సందులోంచి సన్నని సూది పంపి, వెన్నులోని ద్రవంలో ఆ మందు కలుపుతారు. సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన చోటికి కింద కాబట్టి అది వెన్నుపాముకు తగలదు. మందు ద్రవంలో పాకి, అక్కడి నుంచి బయల్దేరే నరాలను మొద్దుబారుస్తుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. నరాలన్నీ ఒకే లావు ఉండవు. నొప్పిని, చల్లదనాన్ని మోసుకెళ్లే నరాల పోగులు సన్నవి. అవి త్వరగా మందుకు లొంగుతాయి. స్పర్శను, ఒత్తిడిని, లాగుడును చెప్పేవి లావుపాటివి. అవి అంత తేలిగ్గా లొంగవు. అందుకే ఒకే మనిషిలో ఒకే సమయంలో నొప్పి ఛాతీ వరకు పోయినా, స్పర్శ పోయే హద్దు అంతకంటే కిందే ఆగిపోతుంది. కోత తెలియదు. కానీ ఎవరో పొట్టలో చెయ్యి పెట్టి కలుపుతున్నట్టు, లాగుతున్నట్టు, నెడుతున్నట్టు తెలుస్తుంది. అది మత్తు విఫలమైనట్టు కాదు. మత్తు తీరే అంత.

కోత పొత్తికడుపు మీద అయినప్పుడు మత్తు ఛాతీ దాకా ఎందుకు? చర్మం వరకే అయితే అక్కర్లేదు. కానీ లోపల ఉండే పొర, పేగులు, గర్భసంచిని అంటుకున్న భాగాలు తమ కబుర్లను పైనుండే నరాల ద్వారా పంపుతాయి. అందుకే మత్తు రొమ్ముల ఎత్తు వరకు ఎక్కితే గానీ మత్తు డాక్టర్ కోతకు అనుమతివ్వరు. అంత ఎత్తుకు ఎక్కినప్పుడు పక్కటెముకల మధ్య కండరాలు మొద్దుబారతాయి. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఎందుకంటే ముఖ్యమైన పని చేసే డయాఫ్రమ్‌కు నరాలు మెడ నుంచి వస్తాయి. కానీ ఛాతీ కదలడం తెలియదు కాబట్టి ఊపిరి ఆడటం లేదనిపిస్తుంది. ఆ సమయంలోనే పొట్ట మీద నెట్టుడు తోడైతే భయం రెట్టింపు కావడంలో వింతేముంది?

గర్భసంచి బరువు

పొట్ట ఒత్తిడి కథ బిడ్డను బయటికి తీసేటప్పుడు మొదలయ్యేది కాదు. ఆమె బల్ల మీద వెల్లకిలా పడుకున్న క్షణంలోనే మొదలవుతుంది. నెలలు నిండిన గర్భసంచి, బిడ్డ, మాయ, ఉమ్మనీరు అన్నీ కలిస్తే ఐదు కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే ఆ బరువంతా వెన్నెముకకు ఆనుకుని సాగే ఇన్ఫీరియర్ వీనా కేవా అనే పెద్ద సిర మీద పడుతుంది. కాళ్ల నుంచి, నడుము భాగం నుంచి రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చేది అదే. అది నొక్కుకుపోతే గుండెకు చేరే రక్తం తగ్గి, బీపీ పడిపోతుంది. వెల్లకిలా పడుకోగానే కొందరు గర్భిణులకు చెమటలు పట్టి, కళ్లు తిరగడానికి కారణం ఇదేనని 1953లోనే వైద్య పత్రికలు చెప్పాయి. నిండు గర్భిణిని పక్కకు తిరిగి పడుకోమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటకు ఆధారం ఇక్కడుంది.

మామూలు సమయంలో ఒళ్లు సర్దుకుంటుంది. కాళ్లలోని రక్తనాళాలు బిగుసుకుని బీపీని నిలబెడతాయి. స్పైనల్ మందు సరిగ్గా ఆ బిగింపునే వదులు చేస్తుంది. ఒకవైపు పైనుంచి బరువు, మరోవైపు కింద వదులైన నాళాలు. ముందుజాగ్రత్తలేమీ తీసుకోకపోతే సిజేరియన్‌కు స్పైనల్ ఇచ్చిన వారిలో సగానికి పైగా మహిళలకు బీపీ పడిపోతుంది. దాని తొలి కబురు మానిటర్ కంటే ముందు ఆమె నోటి నుంచే రావచ్చు: వికారం, గాభరా, కళ్లు తిరగడం. మాయకు వెళ్లే రక్తం తల్లి బీపీ మీద ఆధారపడి ఉంటుంది. తల్లి బీపీ ఎక్కువసేపు పడిపోతే ఆ ప్రభావం బిడ్డ మీదా పడుతుంది.

అందుకే బల్లను కొద్దిగా ఎడమవైపు వంచడం, కుడి పిరుదు కింద చిన్న దిండు పెట్టడం 1970ల నుంచి థియేటర్లలో ఆచారంగా స్థిరపడింది. అయితే 15 డిగ్రీల వంపు ఎంత మేలు చేస్తుందన్న ప్రశ్నకు ఇటీవలి పరిశోధనలు కొంత భిన్నమైన సమాధానం చెప్పాయి. జపాన్ వైద్యులు 2015లో ఎమ్మారై స్కానింగ్‌తో చూసినప్పుడు 15 డిగ్రీల వంపుతో ఆ సిర తెరుచుకోనే లేదు. 30 డిగ్రీలకు గానీ తేడా కనిపించలేదు. అమెరికాలో ముందుగా నిర్ణయించిన సిజేరియన్లకు వచ్చిన 100 మంది మహిళల మీద జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. సెలైన్‌తో పాటు బీపీని నిలబెట్టే మందు ఎప్పటికప్పుడు ఇస్తే, వంచినా వంచకపోయినా బిడ్డ రక్తంలోని ఆమ్ల స్థాయిలో తేడా లేదని అది తేల్చింది. అయితే వంపు ఉన్నవారికి మందు తక్కువ పట్టింది. అది ఆరోగ్యవంతులైన తల్లుల మాట. అత్యవసర కేసుల్లో, బీపీ మందు చేతికి అందుబాటులో లేని చోట వంపును వదులుకోవాలన్న అర్థం దానికి లేదు.

ఆ మందు విషయంలోనూ లోకం మారింది. గొర్రెల మీద జరిగిన పాత ప్రయోగాల వల్ల దశాబ్దాల పాటు ఎఫెడ్రిన్‌కే పెద్ద పీట వేశారు. అది మాయను దాటి బిడ్డను చేరుతుందని, ఫినైలెఫ్రిన్ మేలని తర్వాతి అధ్యయనాలు చూపాయి. మన దేశంలో మెఫెంటర్మిన్ వాడకమూ చాలాకాలంగా ఉంది. 2018లో వెలువడిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ ప్రకటన ఒక గీత గీసింది. బీపీలో పై అంకె మత్తుకు ముందున్న దానిలో 90 శాతానికి తగ్గకుండా చూడాలి. బీపీ పడ్డాక పరుగెత్తడం కాదు, పడకుండా ముందే కాపు కాయాలి.

తక్కువ మందు చాలడం వెనుక

గర్భిణికి స్పైనల్ మందు తక్కువ చాలుతుందని మత్తు డాక్టర్లకు అనుభవం మీద ఎప్పటి నుంచో తెలుసు. అదే మందు మామూలు మనిషికి ఎక్కినంత కంటే ఎత్తుకు ఎక్కుతుంది. దీనికీ పొట్ట ఒత్తిడికీ సంబంధముందని అమెరికాలో 1996లో ప్రచురితమైన ఒక ఎమ్మారై అధ్యయనం సూచించింది. వాలంటీర్ల పొట్టను బయటి నుంచి నొక్కి చూస్తే, నడుము భాగంలో వెన్ను చుట్టూ ఉండే ద్రవం పరిమాణం తగ్గింది. స్థూలకాయులలోనూ అది తక్కువగానే ఉంది. పొట్టలో ఒత్తిడి పెరిగితే వెన్నెముక లోపలి భాగాలు ద్రవమున్న సంచిని నొక్కి, అందులోని కొంత ద్రవాన్ని అక్కడి నుంచి నెట్టేస్తాయి.

గ్లాసు నీళ్లలో చెంచా పంచదార వేస్తే ఒక తీపి, అర గ్లాసులో అదే చెంచా వేస్తే మరో తీపి. వెన్నులో జరిగేదీ ఇదే. ద్రవం తక్కువైతే మందు గాఢత పెరిగి, పైకి పాకుతుంది. గర్భంతో పెరిగే హార్మోన్లు నరాలను మందుకు మరింత సులువుగా లొంగేలా చేయడం మరో కారణం. కవలలున్నా, ఉమ్మనీరు ఎక్కువున్నా, తల్లి పొట్టిగా ఉన్నా, బాగా లావుగా ఉన్నా మత్తు డాక్టర్ డోసును ఒకటికి రెండుసార్లు ఆలోచించేది ఇందుకే. ఎక్కువైతే మత్తు మరీ పైకి పాకి ఊపిరికి, బీపీకి చేటు. తక్కువైతే మధ్యలో నొప్పి. ఈ రెంటి మధ్య ఉన్న సందు పెద్దదేమీ కాదు.

ఆ కొద్ది సెకన్లు

గర్భసంచికి కోత పెట్టాక సర్జన్ తన చేతిని బిడ్డ తల కిందికి పోనిస్తారు. తలను కోత దగ్గరికి ఎత్తుతారు. ఇక బిడ్డను బయటికి నెట్టే శక్తి కావాలి. మామూలు కాన్పులో ఆ పని గర్భసంచి, తల్లి కలిసి చేస్తారు. ఇక్కడ ఆ పని సహాయకుల చేతిది. గర్భసంచి పైభాగాన, అంటే దాదాపు తల్లి రొమ్ము ఎముక కింద, చేత్తో నొక్కుతారు. ఈ నెట్టుడు లేకుండా చాలా సిజేరియన్లు పూర్తి కావు. నొప్పిని చెప్పే నరాలు నిద్రలో ఉన్నా, అంత బలమైన నెట్టుడు ఒంటికి తెలియకుండా ఉండదు. డయాఫ్రమ్ పైకి జరగడంతో ఊపిరి క్షణకాలం బిగుసుకుపోతుంది.

సరిగ్గా ఆ ముందు క్షణంలో ఎవరైనా ఆమె చెవి దగ్గర వంగి, ‘ఇప్పుడు పొట్ట మీద గట్టిగా నొక్కుతారమ్మా, కొద్ది సెకన్లే, బిడ్డ వచ్చేస్తోంది’ అంటే చాలు, అదే ఒత్తిడి అర్థం మారిపోతుంది. చాలా థియేటర్లలో మత్తు డాక్టర్లు ఆ మాట అంటారు కూడా. అనని చోట్లూ తక్కువేమీ లేవు. కేసుల రద్దీలో, ఒక బల్ల నుంచి మరో బల్లకు పరుగెత్తే హడావుడిలో మొదట కోతకు గురయ్యేది ఈ రెండు ముక్కల మాటే.

ఇదే నెట్టుడును మామూలు కాన్పులో చేయడం వేరు సంగతి. నొప్పులు పడుతున్న మహిళ పొట్ట మీద మోచేత్తోనో, రెండు చేతులతోనో నొక్కి బిడ్డను నెట్టడం మన లేబర్ రూముల్లో అపరిచితమైన దృశ్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన ప్రసవ సంరక్షణ మార్గదర్శకాలు దీన్ని సిఫార్సు చేయడం లేదని స్పష్టంగా చెప్పాయి. తెరిచిన గర్భసంచి నుంచి సర్జన్ చేయి దారి చూపుతుండగా నెట్టడం, మూసి ఉన్న దారిలోకి బలవంతంగా నెట్టడం ఒకటి కావు. మొదటిది ఆపరేషన్‌లో భాగం. రెండోది తల్లికీ బిడ్డకూ హాని కలిగించగలదు.

‘ఒత్తిడేలే’ అనే మాట

ఒత్తిడి మామూలే అన్న నిజం ఒక ప్రమాదాన్నీ వెంటబెట్టుకొస్తుంది. ఆమె ఏం చెప్పినా ‘అది ఒత్తిడేలే అమ్మా’ అని కొట్టిపారేయడం. స్పైనల్ అందరిలోనూ ఒకేలా పని చేయదు. కొందరిలో తగినంత ఎత్తుకు ఎక్కదు. కొందరిలో ఆపరేషన్ ఎక్కువసేపు సాగితే మధ్యలోనే తగ్గిపోతుంది. గర్భసంచిని బయటికి తీసి కుట్లు వేసేటప్పుడు, లోపల గుడ్డతో తుడిచేటప్పుడు కొందరికి వచ్చేది ఒత్తిడి కాదు, నొప్పే.

మరి తేడా ఎలా తెలుస్తుంది? తెలిసేది ఆమెకే. ఈ సంగతిని తీవ్రంగా తీసుకున్న బ్రిటన్ మత్తు వైద్యులు 2022లో ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించారు. వాటి సారం సూటిగానే ఉంది. చల్లదనం తెలియడం లేదని ఊరుకోకుండా, తేలికపాటి స్పర్శ కూడా ఛాతీ ఎత్తు వరకు పోయిందో లేదో కోతకు ముందే చూడాలి. ఏమేం తెలుస్తాయో ముందే చెప్పాలి. నొప్పి అని తల్లి అంటే నమ్మాలి. వీలైతే సర్జన్ చేతులు ఆగాలి. మందు ఇవ్వాలి. అప్పటికీ తగ్గకపోతే పూర్తి మత్తు ఇస్తామని చెప్పాలి. ఆపరేషన్ తర్వాత ఆమె దగ్గరికి వెళ్లి మాట్లాడాలి. సూది, మందులతో పాటు మనిషితో మనిషి మాట్లాడే తీరు కూడా నొప్పి నివారణలో భాగమేనన్నది ఆ పత్రం చెప్పిన అసలు సంగతి.

అలాగని పూర్తి మత్తు మేలని కాదు. పేద, మధ్యాదాయ దేశాల అధ్యయనాలను క్రోడీకరించి 2016లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, వెన్ను మత్తుతో పోలిస్తే పూర్తి మత్తు ఇచ్చినప్పుడు తల్లి మరణించే ముప్పు మూడు రెట్లకు పైగా ఎక్కువ. అందుకే అత్యధిక సిజేరియన్లకు స్పైనలే తొలి ఎంపిక. తల్లి మెలకువగా ఉండటం ఆమె ప్రాణానికి రక్ష. ఆ మెలకువను గౌరవించడమే మిగిలి ఉంది.

సంతకం ఎవరిది?

థియేటర్‌లోకి వెళ్లే ముందు ఒక కాగితం వస్తుంది. చాలాచోట్ల అది ఇంగ్లీషులో ఉంటుంది. భర్తో, తండ్రో సంతకం పెడతాడు. బల్ల ఎక్కేది మాత్రం ఆమె. ఈ పద్ధతి గురించి సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో విస్పష్టంగా మాట్లాడింది. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముప్పులు చెప్పి తీసుకున్నదే అసలైన సమ్మతి అంది. పరీక్ష కోసం మత్తులో ఉన్న మహిళ విషయంలో థియేటర్ బయట ఉన్న ఆమె తల్లి దగ్గర తీసుకున్న అనుమతి చెల్లదని తేల్చింది. ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలకే మినహాయింపు. ఈ లెక్కన స్పృహలో ఉన్న నిండు గర్భిణికి చెప్పకుండా ఆమె తరఫున ఇంకెవరో సంతకం పెట్టడం మన దగ్గర అలవాటు మాత్రమే, చట్టం కాదు.

చెప్పేవారు ఎవరన్నది అసలు సమస్య. 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో సర్జన్లు, ప్రసూతి నిపుణులు, ఫిజీషియన్లు, పిల్లల డాక్టర్ల కొరత అన్నీ కలిపి 80 శాతానికి దగ్గరగా ఉంది. మత్తు డాక్టర్ల పరిస్థితి ఇంతకంటే మెరుగని ఎవరూ అనరు. ఈ లోటు పూడ్చడానికే ఎంబీబీఎస్ డాక్టర్లకు 18 వారాల పాటు ప్రాణరక్షక మత్తు వైద్యంలో శిక్షణ ఇచ్చే కార్యక్రమాన్ని కేంద్రం 2000 దశకంలో చేపట్టింది. ఊరూరా తిరిగే మత్తు డాక్టర్ ఫోన్ కొడితే వచ్చి, సూది వేసి, కేసు ముగించుకుని మరో నర్సింగ్ హోంకు వెళ్లడం చిన్న పట్టణాల్లో మామూలు. రోగిని ఆయన మొదటిసారి చూసేది బల్ల మీదే. అప్పుడు చెప్పేదేమిటి, ఆమె వినేదేమిటి?

అయితే చెప్పడానికి మత్తు డాక్టరే అక్కర్లేదు. సిజేరియన్లలో పెద్ద భాగం ముందుగా తేదీ ఖరారైనవే. తెలుగు కుటుంబాల్లో కొందరు తేదీతో సరిపెట్టుకోక పంతులు గారి దగ్గర ముహూర్తం కూడా పెట్టించుకుంటారు. గడియ, విఘడియ లెక్క చూసే తీరిక ఉన్నప్పుడు పది నిమిషాలు కూర్చుని ఆపరేషన్‌లో ఏం జరుగుతుందో తెలుసుకునే తీరిక ఉండదా? నెలనెలా చెకప్‌కు వచ్చే గర్భిణికి నర్సు చెప్పవచ్చు, ఆశా కార్యకర్త చెప్పవచ్చు. గోడ మీద తెలుగులో ఒక పటం చెప్పవచ్చు. ప్రసూతి గదులు, ప్రసూతి థియేటర్ల నాణ్యత పెంచడానికి కేంద్రం 2017లో తెచ్చిన లక్ష్య కార్యక్రమంలో తల్లి పట్ల గౌరవంగా మెలగడం కూడా ఒక లక్ష్యమే. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో సిజేరియన్‌కు డబ్బు చెల్లించాల్సిన పని లేదు. మాట చెప్పడానికి అసలే డబ్బు అక్కర్లేదు.

వార్డులో మిగిలే అపోహలు

చెప్పకపోవడం వల్ల ఏర్పడే ఖాళీని పుకార్లు పూరిస్తాయి. ‘నడుముకు ఇంజెక్షన్ ఇచ్చారు, అప్పట్నుంచీ నడుం నొప్పే’ అన్న మాట వినని తెలుగు ఇల్లు ఉండదు. సూది గుచ్చిన చోట కొద్ది రోజులు సలుపు ఉండవచ్చు. కానీ ఏళ్ల తరబడి వేధించే నడుం నొప్పికి స్పైనల్ కారణమని అధ్యయనాలు నిర్ధారించలేదు. గర్భం మోసిన నడుము, సాగిన పొట్ట కండరాలు, ఒంగి పాలివ్వడం, ఎత్తుకోవడం, విశ్రాంతి లేకపోవడం అసలు కారణాలు. నింద మాత్రం సూది మీద పడుతుంది.

సూది వల్ల నిజంగా రాగలిగేది తలనొప్పి. వెన్ను చుట్టూ ఉన్న పొరకు పడిన రంధ్రం నుంచి ద్రవం కారితే కూర్చున్నప్పుడు తీవ్రమై, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తుంది. బియర్ సైతం తన ప్రయోగం తర్వాత దాంతో రోజుల తరబడి మంచం పట్టాడు. పెన్సిల్ మొనలాంటి సన్నని సూదులు వచ్చాక అది నూటికి ఒకరి దరిదాపులకు తగ్గింది. తల కింద దిండు లేకుండా రోజంతా కదలకుండా పడుకోబెట్టే ఆచారం దాన్ని ఆపుతుందనడానికి ఆధారాలు లేవు. వస్తే మాత్రం చికిత్స ఉంది, చెప్పడానికి సంకోచించకూడదు.

మత్తు దిగాక మరో ఒత్తిడి కాచుకుని ఉంటుంది. రక్తస్రావం కాకుండా గర్భసంచి గట్టిపడిందో లేదో చూడటానికి నర్సు పొట్ట మీద నొక్కుతుంది. కుట్ల మీద చెయ్యి పడితే ప్రాణం జివ్వుమంటుంది. అది కక్షతో చేసే పని కాదు, ప్రాణం కాపాడే పని. ఆ సంగతి ముందుగా చెప్పి చేస్తే సాయం. చెప్పకుండా చేస్తే హింస. చేయి అదే, బలం అదే. మధ్యలో ఉన్న తేడా ఒక్క మాట.

బల్ల ఎక్కే ముందు

అడగాల్సినవి:
• ఏ మత్తు ఇస్తున్నారు, ఎందుకు? ఎంతసేపు ఉంటుంది?
• మత్తు సరిగా ఎక్కిందో లేదో కోతకు ముందు ఎలా చూస్తారు?
• నొప్పి వస్తే ఏం చేస్తారు? పూర్తి మత్తు ఇచ్చే ఏర్పాటు ఉందా?
• బిడ్డను తీసేటప్పుడు పొట్ట మీద నొక్కే ముందు చెబుతారా?

చెప్పాల్సినవి:
• గతంలో స్పైనల్ సరిగా పని చేయకపోయి ఉంటే ఆ సంగతి
• రక్తం పలచబడే మందులు, మందుల అలర్జీ, వెన్ను, గుండె సమస్యలు
• చివరిసారి ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు

మామూలుగా ఉండేవి: కాళ్లు బరువెక్కడం, వణుకు, లాగినట్టు, నెట్టినట్టు అనిపించడం, బిడ్డ వచ్చేటప్పుడు ఛాతీ మీద బరువు

వెంటనే నోరు తెరిచి చెప్పాల్సినవి: కోసినట్టు, గుచ్చినట్టు నొప్పి, వికారం, కళ్లు తిరగడం, మాట రాకపోవడం, చేతులు మొద్దుబారడం